జోరు మీదున్న బండికి ఎదురు నిలబడ్డాను

2024 జూన్ 4, మంగళవారం. ఆ రోజు మా బిట్రగుంటలో టీవీ పెట్టని ఇల్లు లేదు. పార్లమెంటుకీ, అసెంబ్లీకీ ఒకే రోజు ఓట్ల లెక్కింపు మరి. మా నాయన కుర్చీలో, అమ్మ వంటగది గుమ్మంలో, చెల్లి నేల మీద. ముగ్గురి కళ్లూ టీవీ మీదే. నా కళ్లు మాత్రం ఫోన్ మీద.

ముందు రోజు ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 733 పాయింట్లు ఎగిరి 23,263 దగ్గర ముగిసింది. మంగళవారం మార్కెట్ తెరుచుకోగానే జారడం మొదలైంది. కాసేపటికే నా ఐదు నిమిషాల చార్టులో ఆర్‌ఎస్‌ఐ గీత 30 కిందకు దిగింది. నా గుండె ఆనందంతో కొట్టుకుంది. నాలుగు నెలలుగా నాకు అన్నం పెట్టిన గీత అది. 30 కిందకు దిగిందంటే ఇక తిరగబోతోందని నా లెక్క. నలభై వేలు పెట్టి నిఫ్టీ కాల్ ఆప్షన్లు కొన్నాను.

మధ్యాహ్నానికి నా దగ్గర మిగిలింది పదిహేడు వేలు. పోయింది లక్షా ఆరు వేలు. అందులో ఎనభై వేలు నావి కావు.

గీత పరిచయం

నేను కావలిలో ఒక రొయ్యల మేత డీలర్ దగ్గర అకౌంట్స్ రాస్తాను. రోజూ బిట్రగుంట నుంచి రైల్లో వెళ్లి రావడం. ఆ రైల్లోనే ఒక స్నేహితుడు ఫోన్‌లో చార్ట్ తెరిచి, కింద పాములా మెలికలు తిరిగే గీత ఒకటి చూపించాడు. "ఇది 70 దాటితే అమ్ము, 30 దిగితే కొను. అంతే మామా, ఇంకేం చూడొద్దు" అన్నాడు. నేను ఇంకేం చూడలేదు.

ఆ గీత పూర్తి పేరు రిలేటివ్ స్ట్రెంత్ ఇండెక్స్. జె. వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో రాసిన పుస్తకంతో అందరికీ తెలిసింది. ఆయన మెకానికల్ ఇంజనీర్. ధర ఎంత ఉందన్నది కాదు, ఎంత ఊపుతో కదులుతోందన్నది కొలవాలని ఆయన ఆలోచన. ఆ ఊపునే మొమెంటమ్ అంటారు.

లెక్క కష్టమేమీ కాదు. గత 14 క్యాండిల్స్ తీసుకోండి. పెరిగినప్పుడు సగటున ఎంత పెరిగింది, తగ్గినప్పుడు సగటున ఎంత తగ్గింది అని చూడాలి. పెరుగుదల సగటును తరుగుదల సగటుతో భాగించాలి. వచ్చిన దానికి ఒకటి కలిపి, దానితో వందను భాగించి, ఆ వచ్చింది వందలోంచి తీసేయాలి. పెరుగుదల సగటు 2, తరుగుదల సగటు 8 అనుకోండి. భాగిస్తే 0.25. ఒకటి కలిపితే 1.25. వందను దానితో భాగిస్తే 80. వందలోంచి తీస్తే 20. అంటే ఆర్‌ఎస్‌ఐ 20. రెండు సగటులూ సమానమైతే 50 వస్తుంది.

ఈ లెక్క నాకు జూన్ 4 తర్వాతే తెలిసింది. అంతకుముందు నాకు తెలిసింది రెండు అంకెలే, 70, 30. ఇంజిన్ ఎలా నడుస్తుందో తెలియకుండా మీటర్ చూసి బండి తోలినట్టు.

ఎందుకు పనిచేసిందంటే

2024 ఫిబ్రవరిలో ఇరవై వేలతో మొదలుపెట్టాను. మే చివరికి నలభై మూడు వేలయ్యాయి. మేత బస్తాల బిల్లుల మధ్యలో, కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని కొనడం, అమ్మడం. ఐదారు వందలు రాగానే బయటపడేవాణ్ణి. వారానికి ఒకటీ రెండు తప్పేవి. మిగతావన్నీ తగిలేవి. "నాకు చేయి తిరిగింది" అనుకున్నాను.

నిజానికి నేను దిగిన రోజుల్లో మార్కెట్ చాలాసార్లు ఒక గదిలో బంతిలా కొట్టుకుంటూ ఉంది. పైన కప్పు, కింద నేల. అలాంటప్పుడు ఆర్‌ఎస్‌ఐ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నేలకు తగిలిన బంతి లేస్తుంది కదా. నేను కనిపెట్టింది బంతి లేవడాన్ని మాత్రమే. గదికి నేల ఉందో లేదో చూసుకోలేదు.

అప్పుడే అమ్మకు చీటీ పాట డబ్బు వచ్చింది. చెల్లి నర్సింగ్ ఫీజు కోసం దాచిన ఎనభై వేలు. ఫీజు కట్టడానికి ఇంకా నెలన్నర టైముంది. "ఊరికే పడి ఉంటాయి కదమ్మా, నెల్లో పెంచి ఇస్తా" అన్నాను. అమ్మకు షేర్లు తెలియవు, కొడుకు తెలుసు. ఇచ్చేసింది.

ఆ రోజు ఏం జరిగిందంటే

మొదటి నలభై వేలతో కొన్న అరగంటకే ధర ఇంకా దిగింది. ఆర్‌ఎస్‌ఐ 22. "ఇంకా చవగ్గా దొరుకుతోంది" అని ఇంకో నలభై వేలు. గీత కొంచెం లేచి 30 దాటింది. హమ్మయ్య అనుకున్నాను. మళ్లీ దిగింది. ఈసారి ధర ఇంకా కిందకు. మిగిలిన దాంట్లో చాలావరకు పెట్టేశాను. ఒక్కోసారి కొంటున్నప్పుడు నేను చార్ట్ చూడటం లేదు. నేను తప్పు కాదని ఆ గీతతో చెప్పించాలని చూస్తున్నాను.

నిఫ్టీ ఆ రోజు 21,281 దాకా పడింది. ముందు రోజు ముగింపు నుంచి దాదాపు రెండు వేల పాయింట్లు. నా చేతులు వణికాయి. దాదాపు అట్టడుగున అమ్మేసి బయటపడ్డాను.

తర్వాత నిఫ్టీ తిరిగింది. నిజంగానే తిరిగింది. 600 పాయింట్లు కోలుకుని 21,884 దగ్గర ముగిసింది. నేను పొద్దుటి నుంచి ఎదురుచూసిన మలుపు, నేను లేనప్పుడు వచ్చింది. ఆర్‌ఎస్‌ఐ చెప్పింది చివరికి జరిగింది. కానీ ఎప్పుడు జరుగుతుందో, ఈలోపు ఎంత లోతుకు పోతుందో అది చెప్పలేదు. చెప్పడం దాని పని కూడా కాదు.

వీధిలో బాణసంచా మొదలైంది. "ఏందిరా అబ్బయ్యా, మొగం అట్టా పెట్టినావు?" అన్నాడు నాయన. "తలనొప్పి" అన్నాను.

నాయన చెప్పిన సిగ్నల్

మా ఊరి గురించి తెలియని వాళ్లకు ఒక మాట. బిట్రగుంట అంటే రైలు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడ పెద్ద లోకో షెడ్ ఉండేది. ఆవిరి ఇంజిన్ల రోజుల్లో ఊరంతా ఆ షెడ్ కూతతోనే లేచేదని మా తాత చెప్పేవాడు. ఆయన ఫైర్‌మన్, ఇంజిన్‌లో బొగ్గు వేసేవాడు. నాయన గూడ్స్ బండ్లు నడిపి రిటైరయ్యాడు. మా ఇంట్లో బండి తోలడం రాని మొదటి మగవాణ్ణి నేను.

ఆ రాత్రి భోజనం అయ్యాక నాయన "రా, అట్టా నడిచొద్దాం" అన్నాడు. రైల్వే కాలనీ దాటి, పాత షెడ్ వైపు వెళ్లాం. చీకట్లో చెప్పడం సులువు. మొత్తం చెప్పేశాను. అంకెతో సహా. అమ్మ డబ్బుతో సహా.

నాయన తిట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ గీతేందో చూపియ్" అన్నాడు. ఫోన్ తెరిచి చూపించాను. 30 కిందకు దిగితే తిరుగుతుందని అర్థం అన్నాను.

"తిరగతదని ఎవురు జెప్పారు? ఇది ఊపును కొలిచే మీటర్ అంటివి గదా?"

"అవును."

"ఇరవై అంటే కిందకి పొయ్యే ఊపు జోరుగా ఉందని గదా అర్థం? అంటే బండి ఫుల్ స్పీడ్ మీద ఉంది. నువ్వు పట్టాల మీదకి బోయి చెయ్యి అడ్డం బెట్టినావు."

నేను నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అలా ఆలోచించలేదు.

"లోడ్ బండికి బ్రేక్ ఏసినా కిలోమీటర్ పైన పోతదిరా" అన్నాడు నాయన. "ముందు స్పీడు తగ్గాల. తర్వాత ఆగాల. ఆగినాక ఇంజిన్ ఇప్పి, ఈ కొస నుంచి ఆ కొసకి తేవాల. అప్పుడు గదా ఎనక్కి పొయ్యేది. నువ్వేమో స్పీడు మీద ఉన్నప్పుడే ఎనక్కి వస్తదని టికెట్ కొన్నావు."

కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "పసుపు సిగ్నల్ పడిందంటే, ముందు సిగ్నల్ కాడ ఆగేదానికి రెడీగా ఉండమని. అంతేగానీ ఆడికే దిగిపొమ్మని కాదు."

అవే మాటలు చార్ట్ మీద

ఆ తర్వాత నెలలు నేను ఒక్క ట్రేడ్ కూడా చేయలేదు. పాత చార్టులు తెరిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 2020 ఫిబ్రవరి చివరి వారం చూడండి. కరోనా భయంతో నిఫ్టీ ఫిబ్రవరి 28న 11,201 దగ్గర ముగిసింది. రోజువారీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ అప్పటికే 30 కింద ఉంది. నా రూల్ ప్రకారం కొనాలి. మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. ఒక్క నెల కూడా కాకుండానే మూడో వంతు దాకా పోయింది. గట్టి పతనంలో ఈ గీత 30 కింద మకాం వేస్తుంది. గట్టి పెరుగుదలలో 70 పైన కూర్చుంటుంది.

నాయన చెప్పిన మూడు మెట్లూ చార్టులో ఉన్నాయి. మొదటిది స్పీడు తగ్గడం. ధర ముందటి కంటే ఇంకా కిందకు పోతుంది, కానీ ఆర్‌ఎస్‌ఐ మాత్రం ముందటి అంత కిందకు పోదు. బండి ముందుకే పోతోంది, ఊపు చచ్చిందన్నమాట. దీన్ని డైవర్జెన్స్ అంటారు. వైల్డర్ కూడా దీనికి పెద్దపీట వేశాడు. 30, 70 దగ్గర ఆగిపోయింది మనమే.

రెండోది ఆగడం. ఆర్‌ఎస్‌ఐ 30 పైకి వచ్చి, మళ్లీ కొంచెం దిగినా 30 కిందకు పోకుండా నిలబడటం. మూడోది ఇంజిన్ మారడం. పడుతున్న దారిలో ధర మధ్యలో ఒకసారి లేచి ఆగిన ఎత్తు ఉంటుంది కదా, దాన్ని దాటి పైన ముగియడం. ఈ మూడూ అయ్యాక కొంటే అట్టడుగు ధర దొరకదు. కొంత లాభం వదులుకోవాలి. అయినా కొన్నిసార్లు తప్పుతుంది. డైవర్జెన్స్ వచ్చాక కూడా ఇంకా పడిన చార్టులు నా నోట్‌బుక్‌లో చాలా ఉన్నాయి. అందుకే కొనేముందే "ఇక్కడికి దిగితే నేను తప్పు" అని ఒక ధర రాసుకోవాలి. అక్కడ బయటపడాలి. మళ్లీ కొని సగటు తగ్గించుకోవడం లేదు.

నోట్‌బుక్ చెప్పిన అసలు విషయం ఇంకొకటి ఉంది. నా పాత పద్ధతిలో గెలిచినవే ఎక్కువ. కానీ పదింట ఏడుసార్లు వెయ్యి చొప్పున వచ్చి, మూడుసార్లు నాలుగు వేల చొప్పున పోతే మిగిలేది ఐదు వేల నష్టం. నేను గెలుపులు లెక్కపెట్టాను, డబ్బు లెక్కపెట్టలేదు. అకౌంట్స్ రాసేవాణ్ణి మరి, సిగ్గేసింది.

మనం ఒంటరివాళ్లం కాదు

2024 జులైలో సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. షేర్లలో ఇంట్రాడే చేసే చిన్న ట్రేడర్లలో 2022-23లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ముప్పై ఏళ్లలోపు వాళ్లలో అయితే 76 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకొకటి వచ్చింది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన చిన్న ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. తలా సగటున రెండు లక్షలు. ఆ లెక్కలో నా లక్షా ఆరు వేలు లేవు, ఎందుకంటే అది మార్చితో ముగిసింది. నేను తర్వాతి లెక్కలోకి వెళ్లాను.

అందుకే ఎవరైనా "ఏ ఇండికేటర్ మంచిది?" అని అడిగితే ముందు "ఆ డబ్బు ఎవరిది?" అని అడుగుతున్నాను. ఆప్షన్లలో మీ అంచనా నిజమైనా టైము తప్పితే డబ్బు పోతుంది. ఫీజుకు ఉన్నట్టే ఆప్షన్‌కూ గడువు తేదీ ఉంటుంది. రెండు గడువులు ఒకే డబ్బు మీద పెట్టకూడదు.

చెల్లి ఫీజు ఆగలేదు. మా ఓనరు ఎనభై వేలు ఇచ్చాడు, నెలకు నాలుగు వేలు జీతంలోంచి పట్టుకునేలా. ఆయన చెరువుల వాళ్లను చూసి చూసి ఉన్నాడు. "రొయ్య రేటు పడతా ఉన్నప్పుడు, ఇంక పడదులే అని అప్పు చేసి మేత ఏసినోళ్లని ఎంతమందిని చూళ్ళేదూ" అన్నాడు, అంతే. అమ్మకు నేనే చెప్పాను. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. నాకు నష్టమంటే లక్షా ఆరు వేలు కాదు, ఆ పూట.

ఇప్పుడు అప్పుడప్పుడూ, నా జీతంలో మిగిలిన దాంతో, ఒకటీ రెండు షేర్లు కొంటాను. ఆప్షన్లు లేవు. గీత ఇంకా చూస్తాను. సాయంత్రం ఇంటికి రాగానే నాయన అడుగుతాడు.

"ఏం అబ్బయ్యా, ఇయ్యాల ఏం రంగు?"

"పసుపు, నాయనా."

"అయితే కూర్చో. కాఫీ తాగు."