డి డ్రైవ్‌లో ఒక్కటే పేజ్‌మేకర్

తెనాలిలో మా మామయ్యకి డీటీపీ షాపు ఉండేది. మాఘమాసం వచ్చిందంటే రేపల్లె ప్యాసింజర్ దిగి శుభలేఖల కోసం నేరుగా అక్కడికే వచ్చేవాళ్లు. 2000ల మొదట్లో సంగతి ఇది. బడి వదలగానే నేనూ అక్కడే ఉండేవాణ్ణి.

షాపులో కంప్యూటర్ ఒక్కటే. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చేవి: విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీ. 30 సెకన్లలోపు ఏదో ఒకటి ఎంచుకోవాలి. పాత స్కానర్‌కి 98 డ్రైవరు తప్ప వేరేది లేదు. పుస్తకం పని పెట్టుకుంటే 98 మాటిమాటికీ బిగుసుకుపోయేది, అందుకని ఎక్స్‌పీ. రెండూ కావాల్సిందే. హార్డ్ డిస్కు చూస్తే 20 జీబీ.

బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మా పెద్దన్నయ్య ఓ ఆదివారం వచ్చి డిస్కుని మూడు భాగాలు చేశాడు. "సీ డ్రైవ్ 98కి, చివరిది ఎక్స్‌పీకి. డి మాత్రం రెండిటికీ ఉమ్మడి, మామయ్యా" అన్నాడు. డిని ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాడు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే 98కి కనపడదు. 98లో ఉండి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0ని డిలోకి ఎక్కించాడు. ఎక్స్‌పీలోకి వెళ్లి అదే ఫోల్డర్‌లోంచి నొక్కితే తెరుచుకోలేదు.

"ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి కదరా?"

ఉన్నాయి. కానీ ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో రాసుకునే రిజిస్ట్రీ ఏ విండోస్‌కి ఆ విండోస్‌దే. అన్నయ్య అదే సీడీ పెట్టి, ఎక్స్‌పీలోంచి అదే ఫోల్డర్ చూపించి మళ్లీ ఎక్కించాడు. ఫైళ్లు పాతవాటి మీదే పడ్డాయి. డిలో అదనంగా చోటు పట్టలేదు, ఎక్స్‌పీ రిజిస్ట్రీలోనూ పేరు చేరింది. చోటు మిగలడం కన్నా, మామయ్య ఏళ్లుగా తయారుచేసుకున్న శుభలేఖల నమూనాలు ఎటునుంచి తెరిచినా అవే ఉండటం అసలు లాభం.

ఫాంట్లు మాత్రం లొంగలేదు. తెలుగు కొట్టడానికి వాడే అను ఫాంట్లని రెండు విండోస్‌లలోనూ విడివిడిగా వేయాల్సిందే. ఒకవైపు లేకపోతే వధూవరుల పేర్ల చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించేవి.

తర్వాత కొన్నాళ్లకి అన్నయ్య, హాస్టల్‌కి పోస్టులో ఉచితంగా వచ్చిన ఉబుంటు లినక్స్ సీడీ తెచ్చాడు. తెర మీద మూడో పేరు చేరింది. లినక్స్ డిని చక్కగా చదివింది గానీ, విండోస్ కోసం కట్టిన పేజ్‌మేకర్ అందులో నడవదు. ప్రోగ్రామ్‌ని పంచుకోలేకపోయినా పనిని పంచుకోవచ్చని ఈమెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌తో చూపించాడు. ఎక్స్‌పీకొకటి, లినక్స్‌కొకటి ఎక్కించి, ఉత్తరాలుండే ప్రొఫైల్ ఫోల్డర్‌ని మాత్రం డిలో ఒక్కటే ఉంచాడు. ఇటు చదివిన ఈమెయిల్ అటు తెరిస్తే చదివినట్టే ఉండేది. నాకది ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

ఆ రోజే అనులో కొట్టిన ఓ వర్డ్ ఫైలు లినక్స్‌లో తెరిచాం. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఎక్స్‌పీలో యూనికోడ్‌లో కొట్టిన నాలుగు వాక్యాలు మాత్రం, పోతన ఫాంటు వేయగానే, తెలుగులోనే కనిపించాయి. మామయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ రెండు ఫైళ్లనీ మార్చి మార్చి చూశాడు.

పేజ్‌మేకర్‌లో 7.0 తర్వాత అడోబ్ కొత్త తరం తేలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె డీటీపీ షాపుల్లో అనులో కూర్చిన కవితా సంపుటాలు, గుడి చరిత్రలు, నాటక సంఘాల సంచికలు మీ పాత డిస్కుల్లో ఉంటే, ఆ కంప్యూటర్ పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. అను నుంచి మార్చే సాధనాలు ఉన్నాయి.