వార్తా వాక్యంలో కర్త ఎక్కడ?

పత్రిక చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగి, "ఇంతకీ ఈ పని ఎవరు చేశారు?" అని మీరెప్పుడైనా అడిగారా? పాఠాలు సరిదిద్దడం నా ఉద్యోగం కాబట్టి నాకది అలవాటైపోయింది. ఇంట్లో టీ తాగుతూ కూడా పత్రిక మీద పెన్సిలుతో గీతలు గీస్తుంటాను.

ఈ వాక్యం చూడండి. అభ్యాసం కోసం నేనే రాశాను:

"1984లో భోపాల్‌లో విషవాయువు వెలువడి వేలాదిమంది మృత్యువాత పడ్డారు."

వ్యాకరణం సరిగానే ఉంది. కాని వాయువు దానంతట అదే వెలువడిందా? 'వెలువడింది', 'జరిగింది', 'చోటుచేసుకుంది' వంటి క్రియలతో మనిషి ప్రసక్తి లేకుండానే వాక్యం ముగించవచ్చు. తుఫాను గురించి రాసేటప్పుడు అది సబబే. కర్మాగారం గురించి రాసేటప్పుడు కాదు. ఇలా మార్చి చూద్దాం:

"1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ బయటికి వచ్చింది. దాన్ని చల్లగా ఉంచే యంత్రాన్ని యాజమాన్యం కొన్ని నెలల ముందే ఆపివేసింది."

'ఆపివేసింది' అనే క్రియకు కర్త దొరికింది కదా! 'మృత్యువాత పడ్డారు' అనడానికి బదులు 'చనిపోయారు' చాలు. ఇక 'వేలాదిమంది' అన్నచోట లెక్క రాయండి, అది ఎవరి లెక్కో కూడా రాయండి. ప్రభుత్వం మొదట చెప్పినది 2,259. తరువాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం ధ్రువీకరించినది 3,787. బాధితుల సంఘాలు చెప్పేది ఇంతకన్నా చాలా ఎక్కువ.

నాకు మరీ చిరాకు తెప్పించే వాక్యం ఇంకొకటి ఉంది:

"కారణం నిర్లక్ష్యమని కొందరు, విద్రోహమని మరికొందరు అంటున్నారు."

ఎటూ మొగ్గనట్టు, ఎంతో నిష్పాక్షికంగా కనిపిస్తుంది. కాని ఈ 'కొందరు' ఎవరు? 'మరికొందరు' ఎవరు? ఒక ఉద్యోగి కావాలనే చేశాడని వాదించింది స్వయంగా యూనియన్ కార్బైడ్ సంస్థ. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు ఆ సంస్థ భారతీయ శాఖకు చెందిన ఏడుగురు మాజీ అధికారులను నిర్లక్ష్యం కేసులో దోషులుగా తేల్చింది. ఈ రెండూ పేర్లతో, తేదీతో రాస్తే బరువు ఎటుందో పాఠకుడే చూసుకుంటాడు. 'దుర్మార్గపు కంపెనీ' అని మీరు కోపం కలపనక్కరలేదు. కలిపితే వాక్యమే బలహీనపడుతుంది.

పత్రికల వాళ్ల పని మనకెందుకు అనుకోకండి. మీరు పనిచేసే మిల్లులో తోటి కార్మికుడి చేయి నలిగిందనుకోండి. "ప్రమాదవశాత్తు చేయి యంత్రంలో పడింది" అని ఒక కాగితం రాసి, సాక్షిగా మిమ్మల్ని సంతకం పెట్టమంటారు. యంత్రం మీది రక్షణ మూత ఎవరు తీయించారో, ఎప్పుడు తీయించారో ఆ కాగితంలో ఉందేమో వెతకండి. లేకపోతే ఆ వాక్యం రాయించి, అప్పుడు పెట్టండి సంతకం.