చెవిలో మిగిలిన మోత

ఢిల్లీలో కొన్నేళ్లు కాపురమున్న ఎవరినైనా, మీరు విన్న అతి పెద్ద చప్పుడు ఏదని అడిగి చూడండి. దీపావళి రాత్రి అంటారు. ఛత్తర్‌పుర్ ఫామ్‌హౌస్‌లో పెళ్లి ఊరేగింపు అంటారు. కాలనీ పార్కులో షామియానా వేసి తెల్లవార్లూ సాగించే మాతా జాగరణ్ అంటారు. వీళ్లు కాక ఇంకో బాపతు జనం ఉన్నారు. నల్ల టీషర్టులు మానేసి ఏళ్లయినా, బొజ్జలొచ్చి ఇంటి రుణం వాయిదాలు కడుతున్నా, వాళ్ల జవాబు మాత్రం ఒక తేదీతో, ఒక మైదానం పేరుతో మొదలవుతుంది. స్పీకర్‌కు ఎన్ని అడుగుల దూరంలో నిల్చున్నదీ చెబుతారు. ఆ రాత్రి ఏయే పాటలు వాయించారన్నది సగం మందికి గుర్తుండదు. నేనూ ఆ బాపతే.

ఈ లెక్కలో పెద్దరికం 1988 వాళ్లది. ఆ ఏడాది సెప్టెంబర్ 30న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కచేరీ జరిగింది. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనకు 40 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఆ సంస్థ తలపెట్టిన ప్రపంచ యాత్రలో అదొక మజిలీ. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌దూర్ ఒకే వేదిక మీద. రాజనీతి శాస్త్రం చదివినవాడికి ఇందులో మరో రుచి కూడా ఉంది. పత్రికల నోరు నొక్కడానికేనంటూ దేశమంతా గగ్గోలు పెట్టిన పరువునష్టం బిల్లును రాజీవ్ గాంధీ ప్రభుత్వం వెనక్కి తీసుకున్నది ఆ నెలలోనే. నాకు తెలిసిన ఒక సీనియర్ పాత్రికేయుడు ఆ రోజు స్టేడియంలో ఉన్నారు. "పాట వినిపించింది చెవికి కాదయ్యా, కింద సిమెంటు మెట్లకి. కూర్చున్న చోటి నుంచి వెన్నులోకి ఎక్కింది" అంటారాయన. అంతకుముందు ఆయన ఎరిగిన పెద్ద మోతల్లా నెల్లూరులో కొత్త సినిమా మొదటి ఆట.

మా తరానికి అంత పెద్ద పేర్లు ఊరికే దొరకలేదు. మాకు దొరికినవి కాలేజీ ఉత్సవాలు. 1991లో ఢిల్లీలోనే పుట్టిన పరిక్రమ బ్యాండ్ వస్తోందంటే హాస్టళ్లు ఖాళీ అయ్యేవి. అమిత్ సైగల్ 1993లో అలహాబాద్ నుంచి మొదలుపెట్టిన రాక్ స్ట్రీట్ జర్నల్ పత్రిక, 1997 నుంచి అది జరిపిన గ్రేట్ ఇండియన్ రాక్ ఉత్సవం లేకపోతే ఉత్తరాదిన ఈ సంగీతానికి ఒక చిరునామా ఉండేది కాదు. సైగల్ 2012 జనవరిలో గోవాలో చనిపోయారు. ఆయన పత్రికల పాత కట్టలు ఇప్పటికీ మా మిత్రుల ఇళ్లలో అటకల మీద ఉన్నాయి.

నాకు తొలిసారి వినిపించిన అసలైన మోత అలాంటి ఒక కాలేజీ పచ్చికలోదే. వేదికకు రెండు పక్కలా మనిషి ఎత్తుకు రెండింతలు పేర్చిన నల్ల పెట్టెలు. వెనక జనరేటర్. బేస్ గిటార్ తీగ మీటగానే నా ప్యాంటు గుడ్డ కాళ్లకు కొట్టుకోవడం గమనించాను. గాలి లేదు, అది శబ్దం. డ్రమ్మర్ కాలితో కొట్టే దెబ్బ ముందు గుండెల్లో పడి, ఆ తర్వాత చెవికి తెలిసేది. పక్కన నా మిత్రుడు నోరు తెరిచి అరుస్తున్నాడు, నాకు పెదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేనూ అరుస్తున్నాను, నా గొంతు నాకే వినబడదు. ఊళ్లో మెల్లిగా మాట్లాడమని, క్లాసులో నోరు మూసుకోమని, ఢిల్లీ వచ్చాక హిందీ యాస చూసి నవ్వుతారని గొంతు తగ్గించుకుని బతికిన కుర్రాడికి అదొక విడుదల. అక్కడ ఎవరి యాసా ఎవరికీ వినబడదు.

ఇక 2011 అక్టోబర్ 28. గుర్గావ్ లీజర్ వ్యాలీ మైదానం. మెటాలికా బ్యాండ్ మన దేశంలో మొట్టమొదటి కచేరీ. గ్రేటర్ నోయిడాలో మొదటి ఫార్ములా వన్ రేసు జరుగుతున్న వారాంతం అది. ఒకవైపు నిమిషానికి 18 వేల చుట్లు తిరిగే ఇంజన్లు, ఇంకోవైపు మెటాలికా. రాజధాని చెవులు బద్దలు కావడం ఖాయమనుకున్నాం. మెట్రో ఎల్లో లైన్ గుర్గావ్‌కు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. రైలు పెట్టె నిండా నల్ల టీషర్టులే. చండీగఢ్ నుంచి, లక్నో నుంచి, రాత్రంతా రైల్లో నిలబడి వచ్చినవాళ్లు ఉన్నారు.

మైదానంలో గంటలు గడిచాయి. చివరికి సాంకేతిక కారణాల వల్ల కచేరీ మర్నాటికి వాయిదా అన్న కబురు వచ్చింది. వేదిక ముందు రక్షణ ఏర్పాట్లు చాలవన్న సంగతి తర్వాత తెలిసింది. కబురు వినగానే ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే అరుపు. ముందు వరుసల్లో మొదలై వెనక్కి పాకి, మళ్లీ ముందుకు తిరిగి వచ్చింది. బ్యానర్లు చింపారు, వేదిక ఎక్కి పరికరాలు విరగ్గొట్టారు. అందులో గర్వపడాల్సింది ఏమీ లేదు. మర్నాడు కచేరీ పూర్తిగా రద్దయింది, నిర్వాహకుల్లో కొందరిని పోలీసులు అరెస్టు చేశారు. 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్యాండ్ వాయించింది. అప్పుచేసి విమానం ఎక్కిన ఢిల్లీ కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్లు బెంగళూరు మోత గురించి చెబుతారు. నాకు మాత్రం గుర్గావ్‌లో ఒక్క తీగ కూడా మోగని ఆ సాయంత్రమే నా జాబితాలో పైన ఉంటుంది. మరుసటి ఏడాది డిసెంబర్ 12న గన్స్ ఎన్ రోజెస్ అదే మైదానంలో వాయించి వెళ్లారు. 2018 అక్టోబర్‌లో బ్రయాన్ ఆడమ్స్ గుర్గావ్‌లో పాడి, గాలిలోని దుమ్ము మీద పడిన తన నీడను ఫొటో తీసి లోకానికి చూపించారు. ఢిల్లీలో కచేరీకి పొగ యంత్రం అద్దెకు తీసుకోవడం దుబారా.

నేను అరవడం చూసిన ఆ మిత్రుడి సంగతికి వస్తాను. తెనాలివాడు. గుర్గావ్‌లో ఒక కాల్‌సెంటర్‌లో రాత్రి ఉద్యోగం. ఎనిమిది గంటలు హెడ్‌సెట్, దారిలో ఇయర్‌ఫోన్, సెలవు దొరికితే కచేరీ. వేదికకు ఎడమ పక్క స్పీకర్ దగ్గరే నిల్చోవడం వాడికి ఒక పంతం. ప్రతిసారీ చెవుల్లో హోరు వచ్చేది, రెండు రోజులకు తగ్గేది. "మూడు రోజులు మోగితే పైసా వసూల్ మామా" అనేవాడు. ఒకసారి తగ్గలేదు. ఏ కచేరీ, ఏ బ్యాండ్ అన్నది అప్రస్తుతం. డాక్టరు కూడా తప్పు ఏ ఒక్క రాత్రి మీదా వెయ్యలేదు. పరీక్ష కాగితం మీద గీత సాఫీగా నడిచి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడినట్టు దిగింది. పెద్ద శబ్దం చేసే దెబ్బకు అదే గుర్తట.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు ఒక్కో చెవికి దాదాపు 15 వేలు. మనిషిలో అవి పోతే మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్దశక్తి రెట్టింపవుతుంది, గడువు సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. కచేరీ రెండు గంటలు. 1976లో లండన్ చార్ల్‌టన్ మైదానంలో 'ద హూ' బ్యాండ్ 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదుచేసి గిన్నిస్‌కెక్కింది. చెవులు పాడవుతాయన్న భయంతో గిన్నిస్‌వాళ్లు తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఆ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్‌కూ, మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్‌కూ చెవుల్లో హోరు ఉంది. ఇద్దరూ దాచుకోలేదు.

మన చట్టానికి చప్పుడంటే పట్టింపు లేదనలేం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ వద్దంటాయి. పండగలకూ సాంస్కృతిక ఉత్సవాలకూ ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్రాలు సడలింపు ఇవ్వొచ్చు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఢిల్లీలో కచేరీలు పదికల్లా ముగియడం వెనక ఇదే ఉంది. అయితే లౌడ్‌స్పీకర్ మోతకు పెట్టిన పరిమితిని కొలవాల్సింది మైదానం సరిహద్దు దగ్గర. అంటే కాపాడేది గోడ అవతల నిద్రపోయే పొరుగువాడిని. గోడ ఇవతల టికెట్ కొన్నవాడి చెవి ఆ మీటరుకు అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ వినేవాళ్ల కోసమే ప్రమాణాలు ప్రకటించింది: 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించకూడదు, చెవి బిరడాలు అందుబాటులో ఉంచాలి, కాసేపు చెవికి విశ్రాంతినిచ్చే చోటు ఉండాలి. నేను వెళ్లిన ఒక్క కచేరీలోనూ గేటు దగ్గర బిరడాలు ఇవ్వలేదు. నీళ్ల సీసాలు లాక్కోవడం మాత్రం ఎప్పుడూ మరవలేదు.

మిత్రుడు ఫోన్లు ఎత్తే పని వదిలి బ్యాక్ ఆఫీసుకు మారాడు. జీతం తగ్గింది. జనం మధ్య కూర్చుంటే వాడికి అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. స, ష లాంటివి మరీను. కూతురు గబగబా మాట్లాడితే పెదాలు చూస్తాడు. రాత్రి నిద్ర పట్టాలంటే ఫ్యాను తిరగాలి, జనవరిలో కూడా. ఫ్యాను చప్పుడు లేకపోతే లోపలి చప్పుడు పైకి వస్తుందట.

అంతా అయ్యాక కచేరీలు మానేశాడా అంటే, లేదు. పోయిన చలికాలం ఇద్దరం కలిసే వెళ్లాం. మందుల షాపులో కొన్న నురగ బిరడాలు వాడే నాకో జత ఇచ్చి, ఎలా నలిపి దూర్చాలో చూపించాడు. ఇప్పుడు స్పీకర్ పక్కకు పోడు. వెనక సౌండ్ ఇంజనీరు బల్ల దగ్గర నిల్చుంటాడు. సరిచూసుకునేవాడు అక్కడే ఉంటాడు గనక పాట బాగా వినిపించేది అక్కడేనని వాడి వాదన, నిజమే. తిరుగు మెట్రోలో ఖాళీ దొరికితే ముందు నన్ను కూర్చోబెట్టి, నాకు ఎడమ పక్కకు వచ్చి కూర్చుంటాడు. వాడి కుడి చెవి కాస్త నయం.