అమ్మీ దాచిన విత్తనాలు

అమ్మీ ఇంతెఖాల్ అయింది 2022లో. చెహ్లుమ్ అయిపోయాక ఇల్లంతా సాఫ్ చేస్తుంటే అటక మీద ఒక రేకు డబ్బా దొరికింది. లోపల దస్తీలో మూటగట్టిన బూడిద. ఏదో పాత బూడిద అనుకుని చెత్తబండిలో వేసేశాను. అందులో అమ్మీ దాచిన నాటు టమాటా విత్తనాలున్నాయని నాకు తట్టింది ఏడాది తర్వాత.

2023 జూలై. టమాటా కిలో వంద దాటిన రోజులు. మా ఆయన బజారు నుంచి ఖాళీ సంచితో వచ్చి, "ఈ పూట చింతపండుతో కానివ్వు" అన్నారు. అప్పుడు యాదికొచ్చింది. కర్నూలులో ఇదే ఇంటి మిద్దె మీద, పగిలిన కుండల్లో అమ్మీ టమాటా పెంచేది. అణిగినట్టు, నొక్కులు నొక్కులుగా ఉండే కాయలు. పల్చటి తోలు, జివ్వుమనే పులుపు. రెండు రోజులు కూడా నిలవ ఉండవు, కానీ వాటితో చేసిన ఖట్టా ముందు సాలన్ ఎందుకూ పనికిరాదు. బాగా మాగిన కాయ నా చేతికిచ్చి, "బీజ్ ఫేంక్ నక్కో బేటీ" అనేది. పారేయొద్దన్న చేతులతోనే పారేశాను.

ఆ బాధతోనే బజారు టమాటా ఒకటి పిండి విత్తనాలు తీశాను. కోతుల భయంతో కుండీని వంటింట్లో పెట్టాను. వారానికి మొలకలొచ్చాయి గానీ, వెలుతురు చాలక దారాల్లా సాగి పడిపోయాయి. రెండోసారి మిద్దె మీద పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టి, పైన పాత దోమతెర కప్పాను. మిద్దె మీదికి నీళ్లెక్కవు. అందుకని వుజూ చేసిన నీళ్లు బకెట్లో పట్టి పోసేదాన్ని. చెట్లు బతికాయి. డిసెంబర్‌కి కాయలు కూడా వచ్చాయి. కానీ ఒక చెట్టుకి గోలీలంత, ఇంకో చెట్టుకి కోలగా, మరో చెట్టుకి మందం తోలుతో చప్పగా. ఒక్కటీ నేను కోసిన టమాటాలా లేదు.

మా అమ్మీతో కలిసి మసాలాలు దంచిన పక్కవీధి అత్త మిద్దెక్కి, వాటిని చూసి నవ్వింది. "హైబ్రిడ్ కాయ ఇత్తనం అంతేనమ్మా. రెండు రకాలు కలిపి పుట్టించింది కదా, మళ్లీ ఏస్తే దేని దారి దానిదే. నాటుదైతే తల్లి మాదిరే కాస్తాది. మీ అమ్మ డబ్బా ఏదీ?"

"పారేశానత్తా" అన్నాను. గొంతు పట్టేసింది.

"పోతే పోనీలే. ఇరవయ్యేండ్ల కిందట మీ అమ్మ నాకిచ్చిన ఇత్తనమే ఇంకా మా పెరట్లో కాస్తాంది."

మర్నాడు ఫజర్ అయ్యి కాసేపటికే కాగితం పొట్లంతో వచ్చింది. బిస్మిల్లా అని గోరు లోతులో విత్తాను. నాలుగైదు ఆకులొచ్చాక, ఒక సాయంత్రం, కాండం సగం దాకా మట్టిలోకి పోయేట్టు పెద్ద కుండీల్లోకి మార్చాను. టమాటాకు కాండం నుంచి కూడా వేళ్లొస్తాయి, చెట్టు గట్టిపడుతుంది.

2024 రమజాన్ ఆఖరి అష్రాలో మొదటి కాయలు పండాయి. ఇఫ్తార్ తర్వాత ఖట్టా చేశాను. భాయిజాన్ ఒక ముద్ద తిని ఆగిపోయారు. "యే తో అమ్మీ కా ఖట్టా హై" అని, తలొంచుకుని మళ్లీ అన్నం కలుపుకున్నారు.

అన్నిటికన్నా మంచి కాయ మాత్రం కోయలేదు. చెట్టు మీదే బాగా మాగనిచ్చి, గుజ్జుతో సహా గ్లాసులోకి పిండాను. రెండు మూడు రోజులకు పైన తెట్టు కట్టి, వాసనొచ్చింది. విత్తనం చుట్టూ ఉండే జిగురు అలాగే విడిపోతుంది. గట్టి విత్తనాలు అడుక్కి దిగితే, తేలినవి పారబోసి, జల్లెట్లో కడిగి, పళ్లెంలో పరిచి నీడలో ఎండబెట్టాను. కాగితం మీద ఎండబెడితే అంటుకుపోతాయి. ఆ తర్వాత అమ్మీలాగే బూడిదలో కలిపాను.

ఈసారి ఒక్క పొట్లం కాదు, అయిదు కట్టాను. ఒకటి ఆపాకి, ఒకటి ఖాలాకి, ఒకటి మా మరదలికి, ఒకటి మళ్లీ అత్తకే. చివరిది మా డబ్బాలో ఉంది, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి. అయినా నాకు ఆ డబ్బా మీద భరోసా లేదు. ఎప్పుడో ఒకరోజు మా పిల్లలూ ఇల్లు సాఫ్ చేస్తారు కదా. అందుకే పండిన ప్రతిసారీ పంచుతున్నాను.

మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి మూటలుంటే, విప్పి చూడకుండా పారేయకండి. మా అమ్మీని దుఆలో యాద్ ఉంచుకోండి.