పిల్లిది పొగరు కాదు, నొప్పి

పిల్లి గురించి మన తెలుగువాళ్లకున్న మంచి అభిప్రాయాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎదురొస్తే శకునం బాగాలేదంటాం. కళ్లు మూసుకుని పాలు తాగే దొంగ అంటాం. దాని శాపాలకు ఉట్లు తెగవని తేల్చేస్తాం. కుక్కకి విశ్వాసం ఇచ్చాం, ఆవుకి సాధుగుణం ఇచ్చాం, చీమకి క్రమశిక్షణ కూడా ఇచ్చాం. పిల్లికి మాత్రం పొగరు ఒక్కటే మిగిల్చాం. అందుకే ఇంట్లో పెంచుకునే పిల్లి ఏ రోజైనా తేడాగా ఉంటే ముందు మన నోట్లోంచి వచ్చే మాట, "ఒళ్లు కొవ్వెక్కింది దీనికి!"

అది కొవ్వు కాకపోవచ్చు, రోగం కావచ్చు. పిల్లులున్న ఇళ్లవాళ్లూ, పిల్లి కావాలని పిల్లల చేత వేధింపులు పడుతున్న అమ్మలూ ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లో పండు అని ఒక గండుపిల్లి ఉన్నాడు. పసుపు చారలవాడు. నాలుగేళ్ల క్రితం వానల్లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా అమ్మాయికి దొరికాడు. అప్పుడు గుప్పెడంత ఉండేవాడు, ఇప్పుడు ఐదు కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, టీకాలు వేయించాం. మేమందరం "వాడు" అంటాం. అత్తయ్యగారు మాత్రం "అది" అంటారు. దేవుడి గది గుమ్మం దాటనివ్వరు. కానీ మధ్యాహ్నం ఆవిడ టీవీ చూసేటప్పుడు కాళ్ల దగ్గర పడుకుంటే పొమ్మనరు. ఇద్దరికీ మధ్య అదొక ఒప్పందం.

మొన్న సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయించాం. మంచాలు, బీరువాలు అటువి ఇటు, ఇటువి అటు. బాల్కనీలో ఉండే వాడి ఇసుక ట్రే వాషింగ్ మెషీన్ పక్కకి చేరింది. రంగుల వాసన, మనుషుల రాకపోకలు, ఆ వెంటనే పండక్కి చుట్టాలు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ట్రే తప్పనివాడు భోగి ముందురోజు అత్తయ్యగారి పరుపు మీద పోశాడు. మర్నాడు స్నానాలగది ముందు పట్టా మీద.

ఇంక చూడండి గొడవ. "పండగపూట ఇల్లంతా మైల చేస్తోంది, రంగులేశారని కక్ష దానికి" అని అత్తయ్యగారు. "సంచిలో వేసి ఫిషింగ్ హార్బర్ దగ్గర వదిలేస్తే చేపలు తింటూ మనకన్నా హాయిగా బతుకుతాడు" అని మా వారు. మాది విశాఖపట్నం లెండి, కోపం వచ్చినా హార్బరే గుర్తొస్తుంది. అమ్మాయి వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒకటే ఏడుపు.

నాకు మాత్రం కక్షలా అనిపించలేదు. పరుపు ఉతికేది నేనే కదా, ఆ మరక చూశాను. పిల్లి ఒకసారి పోస్తే ఎంత ఉంటుందో రోజూ ట్రే ఎత్తే మనిషికి తెలుస్తుంది. ఇది అరచెయ్యంత కూడా లేదు. స్నానాలగది గచ్చు మీద రెండు చుక్కలు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఆ సాయంత్రం పని చేసుకుంటూనే కనిపెట్టి చూశాను. గంటలో ఏడుసార్లు ట్రేలోకి వెళ్లాడు. కూర్చుంటాడు, ముక్కుతాడు, లేస్తాడు. ఇసుక పొడిగానే ఉంటుంది. ఒక మూలకి పోయి కింద నాక్కుంటాడు, ఎప్పుడూ వినని బొంగురు గొంతుతో అరుస్తాడు, మళ్లీ ట్రే.

అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ చూసి, "ఏవిటమ్మాయ్, ఇది కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది?" అన్నారు.

ఆవిడ అలవాటుగా అన్న మాటే. నాకు మాత్రం గుచ్చుకుంది. మనుషుల్ని అనడానికి ఎన్నిసార్లు వాడుంటాం ఆ సామెతని! ఊరికే అటూ ఇటూ తిరిగే పిల్లి కాదు, కాలు కాలిన పిల్లి. అంటే నొప్పితో ఉన్న పిల్లి కుదురుగా ఉండదని మన పెద్దవాళ్లు ఎప్పుడో చూసి పెట్టారన్నమాట.

పక్కింటావిడ మలబద్ధకం అయ్యుంటుంది, కాస్త ఆముదం పట్టమన్నారు. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల కమలాపండంత గట్టిగా తగిలింది. చెయ్యి పెట్టనివ్వలేదు, గుర్రుమన్నాడు. రాత్రి తొమ్మిదింటికి వాణ్ణి బుట్టలో పెట్టుకుని జంతువుల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. పండగ సెలవుల్లో డాక్టరుగారు దొరకడం మా అదృష్టం.

ఆయన పొట్ట పట్టుకుని చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మూత్రం ఎప్పట్నుంచి రావట్లేదు?"

మగపిల్లికి మూత్రం వచ్చే దారి చాలా సన్నం. లోపల వాపు వచ్చినా, సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలో జిగురో అడ్డుపడినా ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె ఆగిపోతుంది. ఇదంతా జరగడానికి వారాలు అక్కర్లేదు, ఒకటి రెండు రోజులు చాలు. పండగ అయ్యాక చూద్దాంలే అనుకుంటే కనుమ నాటికి పండు ఉండేవాడు కాదు. మా వారు ఆ మాట విని కుర్చీలో కూలబడ్డారు. హార్బర్ మాట మళ్లీ ఎత్తలేదు.

మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు రోజులు సెలైన్, మందులు. బిల్లు చూసి మా వారు పండు కన్నా బొంగురుగా అరిచారు గానీ కట్టేశారు.

రాయిలాంటిదేమీ కనపడలేదని, ఒత్తిడి వల్ల మూత్రాశయం వాచిందని డాక్టరుగారు చెప్పారు. పిల్లికి ఒత్తిడేమిటని మేం మొహాలు చూసుకున్నాం. ఉంటుందట. పిల్లికి ఇల్లంటే మనుషులు మాత్రమే కాదు, వాసనలు, దారులు, తనవైన మూలలు. వాటిని ఒక్కసారిగా మార్చేస్తే దాని కాళ్ల కింద నేల కదిలినట్టే. ఆ బెంగ కొన్ని పిల్లుల్లో నేరుగా మూత్రాశయం మీద చూపిస్తుంది. మూత్రానికి వెళ్లినప్పుడల్లా నొప్పి, ఆ నొప్పికి ట్రేయే కారణమని దాని అనుమానం. అందుకే ట్రే మానేసి మెత్తటి పరుపూ చల్లటి గచ్చూ వెతుక్కుంటుంది. మనం కక్ష అనుకున్నది దాని దృష్టిలో నొప్పి లేని చోటు కోసం వెతుకులాట.

డాక్టరుగారు ఇంకో మాట చెప్పారు. పిల్లి వేటాడే జంతువే, కానీ తనకన్నా పెద్దవాటికి తనూ ఆహారమే. అందుకని నీరసం బయటపెట్టకూడదనేది దాని రక్తంలోనే ఉంది. నొప్పిని దాస్తుంది. గురగురమంటోంది కదా, బాగానే ఉందనుకోవడానికి కూడా లేదు. బాధలో ఉన్నప్పుడూ పిల్లి గురగురలాడుతుంది. కాబట్టి అలవాటులో వచ్చిన మార్పే దాని మూలుగు అనుకోవాలి.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపం, దానికి నోరు లేదు. మనకి ఉండీ చెప్పుకోం అనుకో" అన్నారు. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా వంట చేసిన మనిషి ఆవిడ. ఆ రోజుల్లో ఊరికే విసుక్కుంటున్నారని మేమందరం అనుకునేవాళ్లం.

ఆ మూడు రోజుల్లో డాక్టరుగారిని నేను అడిగినవీ, ఆయన చెప్పినవీ మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

నిలబడి, తోక ఎత్తి వణికిస్తూ గోడకి చిమ్మితే అది సాధారణంగా హద్దు గుర్తు. ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. కూర్చుని ట్రే బయట పోస్తే మాత్రం ముందు రోగం లేదని తేల్చుకోవాలి, తర్వాతే అలవాటు గురించి ఆలోచించాలి. కొట్టడం, మూతి తీసుకెళ్లి మరకకి రుద్దడం వద్దే వద్దు. ఎందుకు కొట్టారో దానికి తెలియదు, భయం మాత్రం పెరుగుతుంది. భయం పెరిగితే జబ్బూ పెరుగుతుంది.

వయసు మళ్లిన పిల్లి అలమర ఎక్కడం మానేసినా, వీపు మీద వెంట్రుకలు ఉండలు కడుతున్నా బద్ధకం అనుకోకండి. కీళ్లనొప్పితో ఎగరలేక, వెనక్కి తిరిగి నాక్కోలేక అలా ఉండొచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతూ ట్రే ఎక్కువ తడుపుతుంటే కిడ్నీలూ షుగరూ చూపించాలి. బాగా తింటూనే చిక్కిపోతూ రాత్రుళ్లు అరిచే ముసలి పిల్లికి థైరాయిడ్ ఎక్కువై ఉండొచ్చు. ఎత్తుకోగానే ఉన్నట్టుండి కరిచే పిల్లికి ఆ చోట పుండో, నోట్లో పంటిపోటో ఉందేమో చూడాలి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే అలక తీరాక తింటుందిలే అని వదిలేయకూడదు. కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

మన వంటింటి సంగతి కూడా. పిల్లికి పెరుగన్నం పెట్టి పెంచాం అని గొప్పగా చెప్పేవాళ్లున్నారు. పిల్లి పుట్టుకే మాంసాహారి. మాంసంలో దొరికే టౌరిన్ అనే పదార్థం అందకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర దాని రక్తాన్ని పాడుచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్లు వెచ్చగా ఉందని పిల్లలకిచ్చే పారాసెటమాల్ అర ముక్క కూడా వేయకండి. దాన్ని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అది పిల్లికి విషం.

ఇప్పుడు మా ఇంట్లో పండు ట్రే బాల్కనీలో పాత చోటికి వెళ్లింది. ఇంకో మూల రెండో ట్రే పెట్టాం. ఎన్ని పిల్లులుంటే అంతకన్నా ఒకటి ఎక్కువ ఉండాలని లెక్కట. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల ఉన్నాయి. తిండిలో కూడా నీళ్లు కలిపి పెడుతున్నాను, మూత్రం పల్చగా ఉంటే మంచిదని. చుట్టాలొస్తే వాడికో గది తలుపు తీసి ఉంచుతున్నాం. మళ్లీ రాదని హామీ లేదు, వచ్చే రకం జబ్బే. అందుకే రోజూ ట్రేలో గడ్డలు లెక్కపెడుతున్నాం. ఆ లెక్క ఎక్కువగా అత్తయ్యగారిదే. నేను వంటింట్లో ఉంటే కేకేసి చెబుతారు, "అమ్మాయ్, వాడు పొద్దుట్నుంచి రెండుసార్లు పోశాడు" అని. "అది" ఎప్పుడు "వాడు" అయిందో ఎవరం గమనించలేదు.

పిల్లి ఉన్న ఇళ్లవాళ్లు ఒక్క పని చేయండి. మీ పిల్లి మామూలుగా రోజుకి ఎంత తింటుంది, ఎన్ని నీళ్లు తాగుతుంది, ఎన్నిసార్లు ట్రేకి వెళ్తుంది, ఎక్కడ పడుకుంటుంది, ఇది మీ మనసులో ఉంచుకోండి. ఇంట్లో అందరి ఆకళ్లూ అలకలూ లెక్క తెలిసిన మనకి ఇదో పెద్ద పని కాదు. ఆ లెక్క తప్పిన రోజు కోపం కాసేపు పక్కన పెట్టి దాన్ని చూడండి. మగపిల్లి మూత్రానికి కూర్చుని ఏమీ రాకుండా లేస్తుంటే మాత్రం, అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగకండి.