నూరువరహాల పొట్టి పొద

తెలుగువారు పూవులకు పెట్టుకొన్న పేర్లలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది నూరువరహాలు. ఒక్క కొమ్మ చివర పదులకొద్దీ చిన్న చిన్న పూవులు గుత్తిగా విచ్చుకొన్నప్పుడు, పళ్ళెరంలో ఎవరో నాణెములు కుమ్మరించి పోయినట్లుంటుంది. వరహా విజయనగర ప్రభువుల బంగారు నాణెం. దక్కను సుల్తానుల లెక్కలలో దానినే హున్ అనేవారు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం ముగిసిన తరువాత ఆ రాజ్యం తన రాజధానిని తరలించుకొని వచ్చినది మన పెనుకొండకే. కనుక ఈ పూవు పేరు ఈ సీమకు ఏ విధంగానూ పరాయిది కాదు. పరాయిదల్లా మొక్కయే. ఆ సంగతి తెలుసుకొనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

వృక్షశాస్త్రం దీనిని ఇక్సోరా అంటుంది. 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ ఈ పేరును స్థిరపరచాడు. మన ఈశ్వర శబ్దమే పోర్చుగీసువారి నోట నలిగి ఇక్సోరా అయినదని పెద్దల మాట. తెలుగు పాఠాలు చెప్పుకొనే నా వంటివానికి ఇటువంటి విషయాలు దొరికితే ఒక పూట గడిచిపోతుంది. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఈ మొక్క కాఫీ మొక్కకు దాయాది. రెండింటిలోనూ ఆకులు ఎదురెదురుగా జంటలుగా పుడతాయి. ఆ జంట తొడిమల నడుమ, కొమ్మను పట్టుకొని, చిన్న ముల్లువంటి పొర ఒకటి ఉంటుంది. ఆ కుటుంబానికి అది ఇంటిపేరు వంటిది. పూవుకు నాలుగు రేకులు, వాటి క్రింద సూదివలె సన్నని పొడుగాటి గొట్టం, ఆ గొట్టం అడుగున తేనెబొట్టు. సీతాకోకచిలుకకు గల పొడవైన తొండం అక్కడకు అందుతుంది. బడిపిల్లలు పూవును పెరికి, గొట్టం కొసను పెదవుల నడుమ పెట్టుకొని ఆ బొట్టును వారే కాజేస్తారు.

ఎర్రని నూరువరహాలకు పుట్టినిల్లు పడమటి తీరమూ, సింహళమూను. అక్కడ వానలు విస్తారం. ఆ వానలు నేలలోని సున్నాన్ని ఏనాడో కడిగివేశాయి. అక్కడి నేల పులుపు నేల. మన పక్షాన దీనికి బంధువు లేకపోలేదు. కొరివి అనే అడవి చెట్టు ఈ ఇక్సోరా జాతిదే. తెల్లని పూలు పూస్తుంది, మంచి పరిమళం కలది. దాని పుల్లలు పచ్చివైనా మండుతాయి కనుక దివిటీలకు వాడుకొనేవారు, అందువల్లనే ఆ పేరు. మెట్ట అడవులలో ఎవరూ నీరు పోయకుండా బ్రతికే చెట్టు అది. ఒకే ఇంట పుట్టి ఒకరు రాళ్ళలో, ఒకరు వానలో పెరిగినట్లు.

ఇక మన ఇండ్ల ముంగిళ్ళలో, కార్యాలయాల వాకిళ్ళలో ఇప్పుడు కనిపించేది పొట్టి రకం. మామూలు నూరువరహాలు నిలువెత్తు దాటి ఎదుగుతుంది. ఇది రెండు మూడు అడుగులతో తృప్తి పడుతుంది. ఏడాది పొడుగునా ఆకు రాల్చదు. దీని పొట్టితనానికి కారణం ఆకలి కాదు, కత్తెర కాదు. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం తక్కువ, అంతే. ఆకుల జంటలు దగ్గర దగ్గరగా పేర్చుకొని వస్తాయి కనుక పొద చిక్కగా, గుబురుగా ఉంటుంది. హిందూపురం చుట్టుప్రక్కల మల్బరీ తోటలు చూచినవారికి ఈ భేదం వెంటనే బోధపడుతుంది. మల్బరీ స్వభావరీత్యా చెట్టు. పట్టుపురుగుల మేత కోసం రైతు దానిని మాటిమాటికీ నరికి పొదగా ఉంచుతాడు. ఒక్క ఏడాది కత్తి పెట్టకపోతే అది తన ఎత్తును గుర్తు చేసుకొంటుంది. మన పొట్టి పొదకు అటువంటి జ్ఞాపకమేమీ లేదు. అందువల్ల దీనిని గళ్ళు గళ్ళుగా, నలుపలకలుగా కత్తిరించే తోటమాలులను చూస్తే నాకు జాలి కలుగుతుంది. పూగుత్తి వచ్చేది కొమ్మ కొసన. కొసలన్నీ నెలనెలా తీసివేసి, పూయడం లేదని మొక్కను నిందించడం ఏమి న్యాయం?

మూడేళ్ళ క్రితం బెంగుళూరు వెళ్ళినప్పుడు లాల్‌బాగ్ చూచి వచ్చాను. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. మన మడకశిరకు అవతలనున్న శిరాలోని మొగలాయీ తోటను చూచి ఆయనకు ఆ కోరిక పుట్టినదని అంటారు. తిరుగు ప్రయాణంలో, దారిలోని ఒక నర్సరీలో రెండు పొట్టి నూరువరహాలు కొన్నాను. రెండూ ఒకే తల్లిమొక్క నుండి తీసిన కొమ్మలని నర్సరీవాడు చెప్పాడు. ఈ రకాన్ని విత్తుతో కాక కొమ్మతోనే పెంచుతారు కనుక ఆ మాట నమ్మదగినదే. ఒకటి హిందూపురంలో మా ఇంటి మెట్ల ప్రక్కన, ఒకటి పెనుకొండలో మా ఖాలాజాన్ ఇంటి వసారా ముందు కుదిరాయి. రెండింటికీ ఒకే పరిమాణం గల మట్టి తొట్లు, ఒకే ఎర్రమన్ను, ఒకే పశువుల ఎరువు.

ఏడాది తిరిగేసరికి ఇక్కడి మొక్కకు కొత్త చిగురు పసుపుపచ్చగా రావడం మొదలైంది. ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. పచ్చని దారంతో అల్లిన వల వంటిదాన్ని పసుపు గుడ్డపై పరచినట్లుండేది. క్రింది ముదురు ఆకులు మాత్రం చెక్కుచెదరలేదు. కొంతకాలానికి చిగుళ్ళు దంతం రంగుకు తిరిగి, అంచులు మాడసాగాయి. చూచినవారందరూ తలొక వైద్యం చెప్పారు. యూరియా అన్నారు, పురుగు అన్నారు, ఎండ అన్నారు, దిష్టి అన్నవారు కూడా ఉన్నారు. పెనుకొండ మొక్క మాత్రం గుత్తులు గుత్తులుగా పూస్తూ, సెలవులకు వెళ్ళినప్పుడల్లా నన్ను వెక్కిరిస్తూ ఉండేది.

ఈ చిక్కును విప్పినవాడు ధర్మవరంలో ఉంటున్న మా మామూజాన్. ఆయన మొక్కల మనిషి కాడు. నలభై ఏళ్ళుగా పట్టునూలుకు రంగులద్దే మనిషి. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, మొక్కను ఒక్కసారి చూచి, చేతులు కడుగుకొనడానికి వెళ్ళి, సబ్బు రుద్దుకొంటూ అక్కడి నుండే కేకవేశాడు. “బేటా, ఈ నీళ్ళతోనా దానిని పెంచుతున్నావు? నురగే రాని నీళ్ళివి. ఈ నీళ్ళలో ఉడికిస్తే పట్టుకు జిగురు వదలదు. జిగురు వదలని నూలుకు నేనెంత మంచి రంగు వేసినా మచ్చలు మచ్చలుగానే పడుతుంది. ముందు నీటిని చూడు, తరువాత మొక్కను చూడు.”

మా బోరు నీటిలో సున్నపు లవణాలు అధికం. టీ కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే. ఆ నీరు రోజూ పోయగా పోయగా తొట్టిలోని మన్ను పులుపు నుండి క్షారానికి తిరుగుతుంది. వైజ్ఞానికుల కొలమానంలో నూరువరహాలుకు 5 నుండి 6.5 వరకు ఉన్న మన్ను హితం. 7 దాటితే కష్టకాలం. ఆ కష్టం ఏమిటంటే ఇనుము అందకపోవడం. ఆకు పచ్చదనాన్ని తయారుచేసుకొనడానికి ఇనుము కావాలి. మన్నులోని ఇనుము నీటిలో కరిగితేనే వేరు త్రాగగలదు. ఆ కొలమానం ఒక్క అంకె పెరిగినప్పుడల్లా కరిగి ఉండే ఇనుము ఇంచుమించు వెయ్యోవంతుకు పడిపోతుంది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఎర్రమన్ను ఎర్రగా ఉన్నది ఎందువలన? ఇనుము వలననే! తుప్పు రంగు అది. పిడికెడు మన్ను తీసుకొంటే పిడికెడు ఇనుము ఉన్నట్లే తోచే నేలలో నిలబడి, నా మొక్క ఇనుము లేక పాలిపోతున్నది. అన్నపురాశి ముందు కూర్చుండబెట్టి నోరు కట్టివేసిన చందం. చిగురే ఎందుకు పాలిపోయినదో కూడా అప్పుడే తెలిసింది. ఆకులోకి ఒకసారి చేరిన ఇనుము తిరిగి కదలదు, ముదురాకు తన వంతును లేతాకుకు పంచి ఇవ్వలేదు. నత్రజని లోపిస్తే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. ముదురాకు తనది చిగురుకు ఇచ్చి తాను పసుపవుతుంది. పసుపు ఏ ఆకున మొదలైనదో చూస్తే చాలు, యూరియా చెప్పినవారి మాట పొసగదని తేలిపోతుంది.

ఈ జబ్బు మన వేరుసెనగ రైతుకు చిరకాల పరిచయం. సున్నపు పాలు ఎక్కువైన నేలలలో లేత పైరు పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లుతారు. నేనూ చల్లాను. పదిరోజులలో చల్లిన ఆకులు పచ్చబడ్డాయి. తరువాత పుట్టిన చిగురు మళ్ళీ పసుపే. ఇనుము కదలదు గదా! అన్నభేది పూటకూళ్ళ భోజనం వంటిది, ఆ పూటకే. నీరు మారనిదే మొక్కకు సంసారం లేదు.

మరి పెనుకొండలో ఏమి జరిగింది? ఖాలాజాన్ రసాయనశాస్త్రం చదివినది కాదు. బోరు నీళ్ళు నచ్చక, డాబా గొట్టం క్రింద రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి వాననీరు పట్టుకొనేది. తొలి వాన కప్పును కడిగి పోయిన తరువాతనే డ్రమ్ము పెట్టాలన్నది ఆమె నియమం. పప్పు ఉడకడానికి, తల రుద్దుకొనడానికి ఆ నీరు. అందులోనే రెండు చెంబులు మొక్కకు. తొట్టిపైన ఎప్పుడూ రాలిన చింతాకు పరచి ఉంచేది.

పోయిన ఏడు ఆమెకు మోకాళ్ళు పూర్తిగా సహకరించక, బెంగుళూరులో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్ళిపోయింది. పెనుకొండ ఇంటికి తాళం పడింది. వెళ్ళేముందు సామానులలో ఏది ఎవరికని ఆమె పెద్దగా పట్టించుకొనలేదు. ఆ తొట్టిని మాత్రం నా చేతికి అప్పగించి, “నీ దగ్గరున్న దానివలె దీనిని చేయవద్దు నాయనా” అన్నది. ఆమె పరిహాసంగా అన్నదో, నిజంగా అన్నదో నేటికీ చెప్పలేను. తొట్టిని బస్సులో వడిలో పెట్టుకొని వస్తున్నంతసేపూ ఆ పచ్చని ఆకులు మా వీధి నీళ్ళకు ఎన్నాళ్ళు తాళుతాయోనన్న దిగులే.

ఇక్కడ మరొక ప్రశ్న ఎదురైంది. ఇంట చోటు చాలక రెండు తొట్లనూ కళాశాల వరండాకు చేర్చాను. ఒకనాడు మడకశిర వైపు పల్లె నుండి వచ్చే బి.ఏ. విద్యార్థి ఒకడు నిలబడి చూచి, “సార్, కాయ కాయదు, కూరకు రాదు. దీనికి మంచినీళ్ళెందుకు?” అని అడిగాడు. అతని తల్లి వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి నిలబడుతుందని నాకు తెలుసు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే సీమ మనది. హిందూపురంలో బిందెనీళ్ళు కొనుక్కొన్న వేసవులు మా ఇంటివారికీ గుర్తున్నాయి. శుద్ధిచేసిన 20 లీటర్ల డబ్బా నీరు ఈ మొక్కకు అమృతమే. కాని మనిషి డబ్బిచ్చి కొనుక్కొనే నీటిని పూలపొదకు పోయడానికి నాకు చేతులు రావు. అతని ప్రశ్నకు నేను అలంకారశాస్త్రంతో జవాబు చెప్పి తప్పుకొనదలచుకొనలేదు. ఎవరూ త్రాగని నీటిని వెదుకుదాం అన్నాను.

నీటిని శుద్ధిచేసే యంత్రం వదిలివేసే నీరు ఒకటి ఉన్నది. చాలామంది దానిని మొక్కలకు పోస్తారు. అది ఈ పొదకు విషతుల్యం, వడకట్టిన లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి. వుజూ చేసుకొన్న నీరు పారబోయక మొక్కకు పోయడం మా ఇంటి ఆచారం. అదీ ఆ బోరు నీరే. చివరకు దారి చూపినవాడు ఆ విద్యార్థే. కంప్యూటరు గదికి ఉన్న శీతల యంత్రం గొట్టం నుండి పగలంతా బొట్లు బొట్లుగా నీరు కారి గోడవార వృథా అవుతున్నది. గాలిలోని ఆవిరి చల్లబడి నీరైనది అది. సున్నం అంటని నీరు, వానకు దగ్గరి చుట్టం. అతడే ఒక బక్కెట్టు తెచ్చి గొట్టం క్రింద పెట్టాడు. సెలవులలో యంత్రం ఆగినప్పటికి డ్రమ్ములో వాననీరు. వంద చదరపు అడుగుల కప్పుమీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 185 లీటర్లు దిగుతాయి. రెండు తొట్లకు ఒక వేసవి సగం గడుస్తుంది.

పాత మొక్కకు పైమన్ను తీసివేసి, ఆకులు కుళ్ళిన ఎరువుతో పాటు చెంచాడు గంధకపు పొడి కలిపాను. గంధకాన్ని మన్నులోని సూక్ష్మజీవులు మెల్లమెల్లగా ఆమ్లంగా మారుస్తాయి. తొందరపడితే లాభం లేదు, నెలలు పడుతుంది. ఉదయపు ఎండ పడేచోట ఉంచి, మధ్యాహ్నం నీడ కల్పించాము. ఐదవ నెలలో వచ్చిన చిగురు లేత ఎరుపుతో పుట్టి ఆకుపచ్చలోకి తిరిగింది. దాని క్రింద పసుపు వల ఆకులు ఇంకా కొన్ని అలాగే ఉన్నాయి. వాటిని తుంచివేయమని కొందరన్నారు కాని నేను ఉంచాను. ఏ నెల ఏ నీరు త్రాగినదో కొమ్మ మీద వ్రాసి ఉన్నట్లుంటుంది, విద్యార్థులకు చూపవచ్చు.

ఈ వానాకాలం ఖాలాజాన్ మొక్క నుండి జానెడు పొడవు లోపల ఆరు కొమ్మలు కోసి ఇసుకలో గుచ్చాము. పండు ముదురు కాక, లేతవీ కాక, నడివయస్సు కొమ్మలు. ఏడు వారాలకు నాలుగు వేళ్ళూనాయి. ఒకటి బెంగుళూరుకు వెళ్ళింది. ఒకటి ఆ విద్యార్థి తన ఊరికి తీసుకొనిపోయాడు. అక్కడ శీతల యంత్రం లేదు గనుక వాళ్ళమ్మ వాననీటి కుండ సంగతి చూస్తుందట. ఒకటి వరండాలోనే ఉన్నది. నాలుగవది ధర్మవరం చేర్చినప్పుడు మామూజాన్ దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, “పూవు ఏ రంగు?” అని అడిగాడు. ఎరుపు అన్నాను. “అయితే సరే, రంగుతొట్టి నీళ్ళు మాత్రం పోయనులే” అని నవ్వి, వసారాలో వానధార పడే మూలను చూపించాడు.