ముక్కు మూసుకుని చూసిన భీమిలి

వేసవి సెలవులిస్తే చాలు, చుట్టాలకి సముద్రం గుర్తొస్తుంది. సముద్రంతో పాటు విశాఖలో ఉన్న మేమూ గుర్తొస్తాం. రావడం సంతోషమే. ఒళ్లు మండేదల్లా కారెక్కుతూ మా మేనల్లుడు అడిగే ప్రశ్నకి: "మావయ్యా, భీమిలిలో మొత్తం ఎన్ని పాయింట్లు? లంచ్ లోపు కవరైపోతాయా?"

అయిపోతాయి నాయనా. పాతిక కిలోమీటర్ల బీచ్ రోడ్డు. దారిలో ఋషికొండ దగ్గర ఓ ఫొటో, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఓ నలభై. వేల ఏళ్ల పాటు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పెక్కి ఆ రంగొచ్చింది. వానలు కోసిన ఆ గెడ్డల్లో నిలబడి ఇదంతా చెప్పబోతే, "ఫోన్ పట్టుకోండి మావయ్యా, ఎగురుతాను" అంటాడు. మావాళ్ల లెక్కలో అది ఏదో సినిమాలో పాట తీసిన చోటు, అంతే.

ఊళ్లోకి వస్తే డచ్చివాళ్ల సమాధులు. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికొచ్చిన డచ్చివాళ్లు 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్లు ఇక్కడే పడుకున్నారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో ఓ మూల. పావురాళ్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి గానీ, ఎండగా ఉందని మావాళ్లెవరూ ఎక్కరు. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. నిన్న అరకు రైలెక్కి ఆ గుహల్లో నోళ్లు వెళ్లబెట్టినవాళ్లే, ఇవాళ ఆ నది పక్కనుంచి వెళ్తూ కారు అద్దం కూడా దించరు.

ఎందుకు దించరో నాకు తెలుసు. వాసన.

ఇసుక మీద నెత్తళ్లు ఎండుతుంటాయి, పక్కన కవళ్లు. మగవాళ్లు తెల్లారగట్ల తెచ్చిన చేపని పాటలో కొని అమ్మేదీ, మిగిలిందానికి ఉప్పు పట్టించి ఎండబెట్టేదీ, కాకుల్ని తోలేదీ, తట్ట నెత్తినెట్టుకుని ఊళ్లమ్మట తిరిగేదీ ఆడవాళ్లే. మా మేనకోడలు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని ఓ ముసలామెని ఫొటో తియ్యబోయింది. ఆవిడ చెయ్యి ఆపకుండానే అంది: "సేప సేప కంపు కాక సెంటు కంపు కొడతాదేటమ్మా?" ఆ రోజు భీమిలిలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

పైగా మావాళ్లు బల్ల దగ్గర కూచుని "ఫ్రెష్ వంజరం లేదా?" అని హోటలు కుర్రాణ్ణి గద్దించారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. సరిగ్గా మన సెలవుల కాలం. ఆ రోజుల్లో బుద్ధిమంతుడు వెతకాల్సింది ఎండుచేపని. కొందామన్నాను. "కారంతా కంపు మావయ్యా" అన్నారు. డిక్కీలో పెట్టినా ఒప్పుకోలేదు.

ఈ కంపు గొడవ నాకు కొత్త కాదు. మా అపార్టుమెంటులో ఓ ఆదివారం నెత్తళ్లు వేయించినందుకు సంఘం పెద్దలు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజి నా ఫోన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. "దుర్వాసనపై సభ్యుల ఆందోళన" అని శీర్షిక. ఇంగువ పోపు మెట్లు దిగి వీధి చివరిదాకా వస్తే సంప్రదాయం, నెత్తళ్లు వేగితే పారిశుధ్య సమస్య! ఆ మర్నాడు లిఫ్టులో గులాబీ వాసన డబ్బా ఒకటి వేలాడదీశారు. అది పీల్చినవాడికి కడుపులో తిప్పడం ఖాయం. దాని మీద ఏ సభ్యుడికీ ఆందోళన లేదు. నేను మెట్లెక్కుతున్నాను.

మా అమ్మమ్మ ఇంట్లో ఎండునెత్తళ్లు అటక మీద కుండలో ఉండేవి, మూతికి గుడ్డ కట్టి. వాన పట్టుకుని పచ్చిచేప దొరకని రోజున కుండ దిగేది. తలకాయలు తుంచడం పిల్లల పని. పిల్లి మా ఒడిలోనే కూచునేది. తుంచినవాటిని అమ్మమ్మ ఉత్త బాండీలో, నూనె చుక్క లేకుండా, పొయ్యి సెగ తగ్గించి వేయించేది. ఆ తర్వాత వేణ్నీళ్లలో కడగడం. ఒకసారి కాదు, అడుగున ఇసుక కనపడనంత వరకు. ఇక్కడ బద్ధకించినవాడు అన్నం తింటూ భీమిలి బీచంతా నములుతాడు. ఉల్లిపాయ చేపకంటే ఎక్కువ పడాలి. పచ్చిమిర్చి చీల్చి వెయ్యాలి, చింతపండు పులుసు పల్చగా పొయ్యాలి. ఉప్పు మాత్రం చివర్న రుచి చూసి. ముందే ఉప్పేసే కోడళ్లని అమ్మమ్మ ఆ పూటకి వంటింట్లోంచి పంపించేసేది. టమాటా వేస్తామనేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఆ పులుసులో నెత్తళ్లకి తోడు పడే వంకాయలు లేతవై ఉండాలి, గింజ పట్టకూడదు. అలాంటివి దొరక్కపోతే ఆ రోజు పప్పు వండుకోండి. ముదురు వంకాయతో ఈ కూర కుదరదు.